సిస్టర్ల బడిలో అమ్మాయిని చేర్చాలంటే

నెల్లూరు టౌన్లో కతోలిక సిస్టర్లు నడిపే ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను రిటైరయ్యేదాకా ఆఫీసు పని చూశాను. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం, పదో తరగతి నామినల్ రోల్సు (పరీక్షకు పంపే పిల్లల వివరాల పట్టికలు), ఫీజు రసీదులు అన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. మాది కోవూరు. రోజూ పెన్నా బ్రిడ్జి దాటి బస్సులో వచ్చేదాన్ని. నేను ఉద్యోగం వదిలినా ఫోన్లు నన్ను వదల్లేదు. సంక్రాంతి దాటిందంటే చాలు, "అక్కా, మా పాపకు ఆరో తరగతిలో సీటు కావాల, సిస్టర్ గారికి ఒక మాట చెప్పు" అని ఎవరో ఒకరు అడుగుతారు. కాగితాలు సరిగ్గా పెట్టుకుని వెళ్ళండమ్మా, మాట కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది అంటే, సాయం చేయడం ఇష్టం లేక తప్పించుకుంటోంది అనుకుంటారు. అందుకని తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నా.

ముందు ఏ బడి అనేది తేల్చుకోండి

బయట నుంచి చూస్తే ఒకటే గేటు, ఒకటే మరియమ్మ గుడి, ఒకటే గంట. లోపల మాత్రం చాలాచోట్ల రెండు బళ్ళుంటాయి. ఒకటి ఎయిడెడ్ బడి. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, ఫీజు నామమాత్రం, మధ్యాహ్న భోజనం ఉంటుంది, ఎక్కువగా తెలుగు మీడియంతో మొదలైనవి. రెండోది అన్ఎయిడెడ్ ఇంగ్లిష్ మీడియం. ఫీజుల మీదే నడుస్తుంది. యూనిఫారం కొద్దిగా తేడా, హెచ్ఎం వేరు, రిజిస్టరు వేరు. "సిస్టర్ల బడిలో ఫీజు లేదంట కదా" అని ఒకరు, "సిస్టర్ల బడిలో వేలకు వేలు గుంజుతారంట కదా" అని ఇంకొకరు అంటుంటే, ఇద్దరూ ఒకే కాంపౌండు గురించి మాట్లాడుతూ ఉండొచ్చు. ఎయిడెడ్ వైపు అయితే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: మా పాప క్లాసుకు లెక్కలకు, ఇంగ్లిషుకు టీచర్లు ఉన్నారా? రిటైరైన ఎయిడెడ్ పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటం, మేనేజ్‌మెంటు తన డబ్బుతో టీచర్లను పెట్టుకుని నెట్టుకురావడం నేను చూస్తూనే వచ్చాను. 2021లో ఎయిడెడ్ బళ్ళను ప్రభుత్వానికి అప్పగించే వ్యవహారం వచ్చి తల్లిదండ్రులు రోడ్డెక్కినప్పుడు, తర్వాత ప్రభుత్వం వెనక్కి తగ్గినప్పుడు, చాలామందికి తమ పిల్ల చదివేది ఎయిడెడ్ బడి అని అప్పుడే తెలిసింది.

ఇంకో సంగతి. కొన్ని బళ్ళు మేత్రాసనానివి, అంటే బిషప్ గారి కింద నడిచేవి. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది, నెల్లూరు, ప్రకాశం రెండూ దాని కిందికే వస్తాయి. కొన్ని బళ్ళు సిస్టర్ల సంఘాలవి. 1904లో హాలెండ్ నుంచి గుంటూరుకు వచ్చిన జేఎంజే సిస్టర్ల వంటివాళ్ళు బళ్ళు, ఆస్పత్రులు సొంతంగా నడుపుకుంటారు. ఈ తేడా మీకెందుకంటే, బిషప్ హౌస్‌లో తెలిసినవాళ్ళున్నారని సిస్టర్ల సంఘం బడికి వచ్చి ధీమాగా కూర్చునేవాళ్ళుంటారు. అక్కడ వాళ్ళ ప్రొవిన్షియల్, అంటే సంఘం పెద్ద సిస్టర్ గారి మాట వేరు, లెక్క వేరు. పైగా సిస్టర్లకు కొన్నేళ్ళకోసారి బదిలీలుంటాయి. పోయినేడు హెచ్ఎం సిస్టర్ గారు "వచ్చే ఏడు చూద్దాంలేమ్మా" అన్నారని ఈ ఏడు వెళితే ఆ కుర్చీలో వేరే సిస్టర్ గారుంటారు. నోటి మాట ఆమెకు తెలియదు. కాగితం మీద ఏం ఉందో అదే చూస్తారు.

ఎప్పుడు వెళ్ళాలి

ఎల్‌కేజీ అయితే జనవరి నుంచే కనుక్కోండి. ఆరో తరగతి అయితే లెక్క వేరు. ఆ బడికే ప్రైమరీ ఉంటే, ఐదు పాసైన సొంత పిల్లలు ముందు ఎక్కుతారు, మిగిలినవే బయటివాళ్ళకు. అవి ఎన్ని అనేది మార్చి దాకా ఆఫీసుకే తెలియదు. ఫారం మాత్రం ముందే తీసుకుని నింపి ఇచ్చేయండి. ఏప్రిల్ మూడో వారంలో పరీక్షలైపోయి, 24 నుంచి వేసవి సెలవులు వచ్చేలోపు ఒకసారి కనిపించండి. జూన్ 12న బడి తెరిచాక, ఊళ్ళో బంధువుల పెళ్ళిళ్ళన్నీ చూసుకుని తీరిగ్గా వచ్చేవాళ్ళకు దొరికేది వెయిటింగ్ లిస్టే.

వెళ్ళేది పొద్దున తొమ్మిదికి కాదు. అప్పుడు ప్రేయరు, హాజరు, ఆలస్యంగా వచ్చిన పిల్లల పంచాయతీ నడుస్తుంటాయి. పదకొండు తర్వాత వెళ్ళండి. అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి. సిస్టర్ గారు మాట్లాడేది ఎక్కువగా పిల్లతోనే. "పేరేంటమ్మా, ఏం పుస్తకం చదివావు, ఇంట్లో ఎవరెవరుంటారు" అని. పక్కనుంచి నాన్న గారు జవాబులు అందిస్తుంటారు చూడండి, అది సిస్టర్లకు అస్సలు నచ్చదు. కొన్ని బళ్ళలో చిన్న రాత పరీక్ష పెడతారు. తెలుగులో నాలుగు వాక్యాలు, ఇంగ్లిషులో నాలుగు, భాగాహారం ఒకటి. దానికోసం ట్యూషన్ పెట్టించకండి. పిల్ల ఏ సెక్షన్లో సరిపోతుందో చూసుకోవడానికే అది.

సిఫార్సు ఉత్తరాల సంగతి చెప్పి వదిలేస్తా. ఎమ్మెల్యే గారి లెటర్లు అందరూ తెస్తారు. అందరూ తెచ్చినప్పుడు అందులో ప్రత్యేకం ఏముంది? విచారణ గురువులు, అంటే మీ ఊరి ఫాదర్ గారు ఇచ్చే లెటరు కతోలిక కుటుంబాలకు పనికొస్తుంది. ఎందుకంటే ఆ బళ్ళు పెట్టిందే ముందుగా వాళ్ళ పిల్లల కోసం. మిగతావాళ్ళకు అన్నిటికంటే బలమైనది, అక్క అదే బడిలో చదువుతూ ఉండటమో, అమ్మ అక్కడ పాత విద్యార్థిని కావడమో. అమ్మ ఆ బడిలోనే చదివి ఉంటే పాత మెమో జిరాక్సు ఒకటి ఫారానికి జోడించండి.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్ళలో ఒకటో తరగతికి 25 శాతం ఉచిత సీట్లు ఉంటాయని విని ఇక్కడికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. మైనారిటీలకు సొంత బళ్ళు నడుపుకునే హక్కిచ్చే రాజ్యాంగం 30వ అధికరణం ప్రకారం నడిచే బళ్ళు ఇవి. 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ తీర్పును మళ్ళీ పరిశీలించాలని పైకి నివేదించింది గానీ, దాన్ని నమ్ముకుని ఆఫీసులో వాదన పెట్టుకోకండి. ఇబ్బంది ఉంటే సిస్టర్ గారితో విడిగా చెప్పుకుంటే ఫీజు తగ్గించిన సందర్భాలు చాలా ఉన్నాయి. కొంగున కన్నీళ్ళు ఒత్తుకుంటూ చెప్పాల్సిన పని కూడా లేదు. మామూలుగా చెప్తే చాలు.

రిజిస్టర్లో మీ పాప వరస

సీటు దొరికిందని తెలియగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త అప్పుడు కావాలి. నా మటుకు నాకు బడిలో చేర్చడం అంటే అడ్మిషన్ రిజిస్టర్లో ఒక వరస రాయించడమే. ఆ వరసలో ఏం రాస్తే అదే పదో తరగతి మెమోలోకి వెళుతుంది, మెమోలో ఉన్నది పాస్‌పోర్టులోకి, ఉద్యోగంలోకి వెళుతుంది. ఫీజు వందో రెండు వందలో ఎక్కువ తీసుకున్నారని గంట సేపు వాదించే తండ్రి, పిల్ల పేరు రాసిన కాగితం చూడమంటే "మీరు చూశారు కదా మేడం, చాల్లే" అని సంతకం పెట్టేస్తాడు.

తీసుకెళ్ళాల్సినవి: పుట్టిన సర్టిఫికెట్, పిల్లదీ తల్లిదండ్రులదీ ఆధార్, పాత బడి టీసీ, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు, తల్లి బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఫోటోలు. టీసీ మీద పెన్ నంబరు, అంటే పిల్లకిచ్చే శాశ్వత విద్యా నంబరు ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే కొత్త బడి ఆన్‌లైన్లో పిల్లను తమ లెక్కలోకి తెచ్చుకోలేదు. పాత బడివాళ్ళు యూడైస్‌లో, అంటే బళ్ళ ఆన్‌లైన్ రికార్డులో, పిల్లను తమ లెక్కలోంచి తీసి డ్రాప్‌బాక్సులోకి పంపాలి, అప్పుడే ఇవతలివాళ్ళు తీసుకోగలరు. పాత బడిలో ఫీజు బాకీ ఉంటే చాలాసార్లు వాళ్ళు ఇక్కడే ఆపేసి కూర్చుంటారు. బాకీ సంగతి మార్చిలోనే తేల్చుకోండి.

పేరు. ఆధార్‌లో షేక్ రేష్మ, పాత టీసీలో ఎస్‌కే రేష్మా బేగం, రేషన్ కార్డులో రేష్మి. ముగ్గురూ ఒకటే పిల్ల. పుట్టిన సర్టిఫికెట్‌లో ఉన్నదాన్ని పట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టుకోండి. అది కూడా ఐదో తరగతి పూర్తయ్యేలోపు, పాత బడిలో ఉండగానే. ఒకసారి టీసీ చేతికొచ్చాక కొత్త బడి క్లర్కు టీసీలో ఉన్నది ఉన్నట్టు దించాల్సిందే, తనకు నచ్చినట్టు రాయడానికి లేదు. 2024లో పిల్లలందరికీ అపార్ ఐడీలు (ఆధార్‌తో ముడిపడిన విద్యార్థి గుర్తింపు నంబర్లు) చేయమన్నప్పుడు బడి రికార్డుకూ ఆధార్‌కూ ఒక్క అక్షరం తేడా ఉన్నా కంప్యూటరు ఒప్పుకోలేదు. అప్పుడు సచివాలయాల దగ్గర, ఆధార్ సెంటర్ల దగ్గర తల్లిదండ్రులు పడిన అవస్థ మీకూ గుర్తుండే ఉంటుంది. ఇంటి పేరు పొడి అక్షరంతో వదిలేయకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు అవసరం పడినప్పుడు నన్ను తలుచుకుంటారు.

పుట్టిన తేదీ. పాత రిజిస్టర్లు తిరగేస్తే మన జిల్లాలో సగం మంది జూన్ నెలలో పుట్టినట్టే ఉంటుంది. ఐదేళ్ళు నిండలేదంటే చేర్చుకోరని ఊళ్ళో అయ్యవారు సరిపడా ఒక తేదీ వేసేవారు. ఇప్పుడా పని చేయించకండి. పదో తరగతిలో చేరిన ఏడాది ఆగస్టు 31 నాటికి పిల్లకు 14 నిండాలి. తగ్గితే ప్రత్యేక అనుమతి, దానికో ఫీజు. తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. రెండూ చదవండి. అంకెల్లో సరిగ్గా ఉండి అక్షరాల్లో ఏడాది తప్పుపడటం నేను పాత టీసీల్లో ఎన్నిసార్లో చూశాను. మెమో అచ్చయ్యాక తేదీ మార్చాలంటే హెచ్ఎం, డీఈఓ ఆఫీసు, విజయవాడ పరీక్షల డైరెక్టర్ ఆఫీసు అని ఒక యాత్ర.

పుట్టుమచ్చలు. రెండు రాయాలి. చిన్న విషయం అనుకుంటారు గానీ పదో తరగతి దాకా వెంట వచ్చేది ఇదే. నేను పిల్లను కిటికీ వెలుతురులోకి పిలిచి చేతులు చాపమనేదాన్ని. ముంజేయి, మోచేయి, తర్వాత మెడ, చెవి పక్క, చుబుకం. సిగ్గుపడి పిడికిలి బిగించే పిల్లలు, పెన్ను చుక్కను పుట్టుమచ్చ అని చూపించే పిల్లలు. ఉమ్మి తడి చేసి రుద్దితే చెరిగిపోయేది. అమ్మలేమో "వీపు మీద ఇంత పెద్దది ఉందక్కా, అది రాయండి" అంటారు. వీపు మీదవి, తొడ మీదవి వద్దు. పరీక్ష హాల్లో ఎవరైనా చూడాల్సి వస్తే ఆడపిల్ల ఇబ్బంది పడకుండా చూపించగలిగేది రాయించాలి. పుట్టుమచ్చ దొరక్కపోతే చిన్నప్పటి దెబ్బ మచ్చ అయినా సరే. కాటుకతో పెట్టే దిష్టి చుక్క కడిగేసి తీసుకెళ్ళండి, మా పని తేలికవుతుంది. అదే రిజిస్టర్లో మశూచి టీకా గురించి కూడా ఒక గడి ఉండేది. మన దేశంలో మశూచి లేదని 1977లోనే ప్రకటించారు. అయినా "అవును" అని రాస్తూనే వచ్చాం.

కులం, మతం. పిల్ల సిస్టర్ల బడిలో చేరినంత మాత్రాన ఈ గడుల్లో ఏదీ మారదు. మీ కుల సర్టిఫికెట్‌లో ఏముంటే అదే రాయించండి. ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారి ఉంటే సర్టిఫికెట్ బీసీ-సి కింద వస్తుంది. ఫారంలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటే రేపు స్కాలర్‌షిప్పు దగ్గర, కౌన్సెలింగ్ దగ్గర చిక్కొస్తుంది. జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడిగేది కతోలిక పిల్లలను మాత్రమే.

తండ్రి లేకపోయినా, ఉండి వదిలేసినా, తల్లి పేరు గార్డియన్‌గా రాయించవచ్చు. క్యూలో పదిమంది ముందు ఆ కథ చెప్పక్కర్లేదు. జనం పలచబడ్డాక రండి, తలుపు వేసి మాట్లాడతారు. ఈ ఒక్క విషయంలో సిస్టర్లు మన బంధువుల కంటే చాలా నయం, గుచ్చి గుచ్చి అడగరు.

రాసిందంతా అయ్యాక ఆ వరసను ఫోటో తీసుకోనివ్వకపోవచ్చు. కానీ మీ కళ్ళతో చదివి, అడ్మిషన్ నంబరు మాత్రం రాసుకుని రండి.

డబ్బు

ఫీజుల పట్టిక కాగితం మీద అడిగి తీసుకోండి. ట్యూషన్ ఫీజు ఒకటే చూసుకుని లెక్క వేసుకుంటే జూన్‌లో పుస్తకాలు, యూనిఫారం, టై, బెల్టు, డైరీ, కంప్యూటర్ ఫీజు అని ఇంకో లెక్క వస్తుంది. ఏది కట్టినా రసీదు తీసుకోండి. బిల్డింగ్ ఫండ్ అన్నా సరే రసీదు ఇవ్వాలి. ఇవ్వనంటే కట్టకండి.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులకు డబ్బు చేతికొచ్చేది వేలం నడిచే నెలల్లో. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల వాళ్ళకు పట్టుబడి పడితేనే డబ్బు. ఈ సంగతి ముందే చెప్పి, ఏ నెలలో ఎంత కడతారో ఒక తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే ఆఫీసులో ఒప్పుకుంటారు. చెప్పకుండా మూడు నెలలు కనబడకుండా పోయి, పరీక్షల ముందు రోజు వచ్చి గొడవ పెట్టుకుంటే ఎవరికీ ఓపిక ఉండదు. మధ్యలో ఆ పిల్ల ముఖం చూడలేం.

ప్రభుత్వ పథకం తల్లికి వందనం ఈ బళ్ళలో చదివే పిల్లలకూ వర్తిస్తుంది. 2025 జూన్‌లో వేసినప్పుడు పిల్లకు 15 వేలలో 2 వేలు బడి నిర్వహణకు పోగా 13 వేలు తల్లి ఖాతాలో పడ్డాయి. హాజరు 75 శాతం ఉండాలి. తల్లి ఖాతాకు ఆధార్ లింకు ఉండాలి. ఇంటి కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. డబ్బు పడలేదని బడి మీదికి వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు చిక్కు ఈ బ్యాంకు లింకో, కరెంటు మీటరో. అది సచివాలయంలో చూసుకోవాల్సిన పని.

ప్రార్థన, పూలు, పండగలు

నేను హిందువును. నుదుట బొట్టుతోనే అన్నేళ్ళూ ఆ ఆఫీసులో కూర్చున్నాను. "మతం మార్చేస్తారా" అని నన్ను గుసగుసగా అడిగేవాళ్ళకు నా బొట్టే చూపించేదాన్ని. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, పరలోక జపం వస్తుంది. పిల్లలు వారంలో నేర్చేసుకుని ఇంట్లో పాడతారు, కంగారు పడకండి. సత్యోపదేశం, అంటే మతబోధ క్లాసు కతోలిక పిల్లలకు. అదే పీరియడ్లో మిగతావాళ్ళకు నీతిబోధ. ఎయిడెడ్ బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి అయినా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మైనరు పిల్లను మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మీకు అభ్యంతరం ఉంటే ఒక లెటరు రాసి ఇవ్వండి, గొడవేం ఉండదు.

రెండు జడలు, రిబ్బన్లు తప్పవు. పూలు, గాజులు, వేలాడే లోలాకులు, గోళ్ళ రంగు వద్దంటారు. చిన్న బొట్టుకు ఎక్కడా అడ్డు చెప్పగా నేను చూడలేదు. ముస్లిం పిల్లలు తలకు స్కార్ఫు కట్టుకోవాలనుకుంటే చేర్చే ముందే అడగండి. బడిబడికీ పద్ధతి వేరు. జూన్‌లో గేటు దగ్గర తేల్చుకునే విషయం కాదు.

సెలవులు మాత్రం బాగా చూసుకోండి. మిషనరీ బళ్ళకు దసరా సెలవులు మిగతావాళ్ళ కంటే తక్కువ, బదులుగా క్రిస్మస్‌కు వారం దాకా ఇస్తారు. దసరాకు తిరుపతి టికెట్లు బుక్ చేసుకుని, బడి ఉందని తెలిసి లీవు లెటరు పట్టుకొచ్చే కుటుంబాలు ఏటా ఉంటాయి. ఆగస్టు 15 ఇక్కడ డబుల్ పండగ. స్వాతంత్ర్య దినమూ, మరియమ్మ మోక్షారోపణ పండగా ఒకే రోజు. పొద్దునే దివ్యబలి పూజ, తర్వాత జెండా. ఆ రోజు పిల్లను పంపించండి, ఆటలు, పాటలు, మిఠాయిలు, మంచి సందడి. రొట్టెల పండగ వారంలో దర్గామిట్ట వైపు ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసుగా. ఆటోవాడితో ముందే మాట్లాడుకోండి.

ఆడపిల్లల సంగతులు

చేర్చే ముందు బడి చూస్తామని అడిగి మరుగుదొడ్లు చూడండి. ల్యాబు, కంప్యూటర్లు వాళ్ళే చూపిస్తారు, మీరు అడగాల్సింది ఇది. తలుపుకు గడియ పడుతోందా, నీళ్ళు వస్తున్నాయా, ప్యాడు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా. ఆరు నుంచి పది దాకా చదివే పిల్లలకు ఇది సైన్సు ల్యాబు కంటే ముఖ్యం. ఈ ఇబ్బందికి నీళ్ళు తాగడం మానేసి తలనొప్పితో ఆఫీసు గదిలో పడుకునే పిల్లలకు నేను మాత్రలు ఇచ్చాను. నీళ్ళు తాగమ్మా అంటే తల అడ్డంగా ఊపేవాళ్ళు.

పిల్ల పెద్దమనిషి అయితే మన వైపు ఇంట్లో కూర్చోబెట్టడం, ఫంక్షన్, చుట్టాలు అని రెండు వారాలు సులువుగా గడిచిపోతాయి. చేసుకోండి, కాదనను. కానీ క్లాస్ టీచరుకు ఫోన్ చేసి చెప్పండి. సిస్టర్ల దగ్గర దీనికి మొహమాటం అక్కర్లేదు, ఆడవాళ్ళే కదా. కారణం తెలియక ఆబ్సెంటు పడుతూ పోతే పైన చెప్పిన 75 శాతం దగ్గర తేడా వస్తుంది. ఫంక్షన్ తర్వాత చెవులకు, మెడకు పెట్టిన బంగారం తీసి పంపండి. బడిలో పోతే బాధ్యత ఎవరిదీ కాదు.

గేటు దగ్గర పిల్లను ఎవరు తీసుకెళ్ళవచ్చో కార్డు మీద పేర్లు, ఫోటోలు అడుగుతారు. నాన్న పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. అమ్మ, జేజి, మేనమామ, ఆటో అన్న, ఎవరెవరు నిజంగా వస్తారో వాళ్ళందరివీ ఇవ్వండి. కార్డులో లేని మనిషి కలెక్టరు అయినా వాచ్‌మెన్ పిల్లను పంపడు. "నేను సొంత బాబాయిని" అని కేకలు వేసినవాళ్ళను కూర్చోబెట్టి, అమ్మకు ఫోన్ చేసి ఆమె సరేనన్నాకే పంపేవాళ్ళం. దానికి కోపం తెచ్చుకోకండి. భార్యాభర్తల మధ్య కేసు నడుస్తుంటే, పిల్ల ఎవరి దగ్గర ఉండాలో కోర్టు ఏమైనా చెప్పి ఉంటే, ఆ కాగితం జిరాక్సు హెచ్ఎం సిస్టర్ గారికి ఇచ్చి ఉంచండి.

బోర్డింగ్

ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం వైపు నుంచి వచ్చే పిల్లలకు బోర్డింగ్ ఉన్న బడి మంచిదే. పొద్దునే ఐదున్నరకు లేవాలి, బట్టలు ఉతుక్కోవాలి, వంతుల ప్రకారం వరండా ఊడవాలి. ఇంట్లో గ్లాసు కూడా కడగని పిల్ల అయితే వేసవిలోనే అలవాటు చేయండి. మొదటి నెల ఫోన్లో ఏడుస్తుంది. మొదటి ఆదివారమే వెళ్ళి తీసుకొచ్చేస్తే ఇక ఉండదు. పెట్టెకు తాళం, ప్రతి బట్ట మీదా పేరు కుట్టించడం, ఆవకాయ గాజు సీసాలో కాకుండా స్టీలు డబ్బాలో. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

పదో తరగతి, ఆ తర్వాత

పదో తరగతి ఫీజు 125 రూపాయలు. దాని మీద ఎవరైనా వందలు అడిగితే ఎందుకో అడగండి. నామినల్ రోల్సు ఆన్‌లైన్లో పంపే ముందు చెక్‌లిస్టు ప్రింటు తీసి పిల్లల చేత, తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తారు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ, పుట్టుమచ్చలు, ఫస్ట్ లాంగ్వేజ్, మీడియం. ఆ కాగితం పిల్ల సంచిలో నలిగిపోయి, చివరి రోజు ఆటోలో సంతకం పెట్టించుకుని వస్తుంది. మీరే అడిగి తీసుకుని కూర్చుని చదవండి. తప్పు దిద్దించడానికి ఖర్చు లేని ఆఖరి అవకాశం అదే.

టీసీకి వచ్చినప్పుడు స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు కూడా తీసుకోండి. ఆరు నుంచి పది దాకా ఏ ఏడు ఏ తరగతి చదివిందో విడివిడిగా ఉండాలి. మన రెండు జిల్లాల వాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్ల లోకల్ లెక్కలో నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ పరిధి, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. ఒంగోలు పిల్ల నెల్లూరు బోర్డింగ్‌లో చదివి ఇంటర్‌కు విజయవాడ వెళితే, పుట్టిన ఊరు కాదు, చదివిన చోటు చూస్తారు. ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళలో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివింది అన్నది ఆ సర్టిఫికెట్లతోనే తేలాలి.

పదేళ్ళ తర్వాత, ఇరవై ఏళ్ళ తర్వాత పాత పిల్లలు మళ్ళీ వస్తారు, పాస్‌పోర్టుకనో టీచరు ఉద్యోగానికనో. పేరు ఒక్కటే చెప్పి వెతకమంటే లక్ష్మిలు, మేరీలు, షేక్‌లు ఎన్ని పేజీలుంటాయో మీరే ఊహించుకోండి. అడ్మిషన్ నంబరు లేకపోతే పదో తరగతి పాసైన సంవత్సరం, హాల్ టికెట్ నంబరు అయినా రాసుకుని వెళ్ళండి. అర్జీ తెల్ల కాగితం మీద హెచ్ఎం గారి పేరిట రాయాలి, పెళ్ళికి ముందు ఇంటి పేరుతో. ఆధార్ జిరాక్సు జతచేయండి. సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్ళి "ఈరోజే కావాల" అనకండి. పొద్దున ఇస్తే రిజిస్టరు బీరువాలోంచి తీసి, రాసి, సిస్టర్ గారి సంతకం, సీలు అయ్యేసరికి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది.